ఇంటర్వెల్ తర్వాత ఎంట్రీ!

సినిమా మొదలైన పది నిమిషాల్లో తెరమీదికి వచ్చే పాత్రకు పెద్ద కష్టమేం లేదు. అప్పటికి మనం సీటు చూసుకుని, ముందువాడి తల అడ్డం లేకుండా సర్దుకుని, ఎవరొచ్చినా 'రండి, కూర్చోండి' అనే హుషారులో వుంటాం. అసలు కష్టం మధ్యలో వచ్చేవాడిది. అప్పటికే హీరో మనకు దగ్గరివాడైపోయాడు. హీరోయిన్ బాధ మన బాధైపోయింది. కమెడియన్ నోరు తెరవకముందే నవ్వేస్తున్నాం. అలాంటప్పుడు ఓ కొత్త మొహం వచ్చి నడిమధ్యన నిలబడితే "ఈయనెవడండీ బాబూ!" అని విసుక్కోమూ?

కానీ 'మాయాబజార్' (1957) గుర్తు చేసుకోండి. అందులో ఘటోత్కచుడు, అంటే మన ఎస్.వి. రంగారావుగారు, కథ బాగా నడిచాకగాని కనిపించడు. కనిపించి ఏం చేస్తాడు? చేతులు కట్టుకుని "నేను మీ చుట్టాన్నండీ" అంటాడా? అనడు. తన అడవిలో అడుగుపెట్టిన సుభద్రనూ అభిమన్యుడినీ అడ్డగిస్తాడు. కయ్యం జరుగుతుంది. చుట్టరికం ఆ తర్వాత బయటపడుతుంది. ఇక అక్కణ్ణించి సినిమా మొత్తం ఆయన భుజాలమీదే! ఆలస్యంగా వచ్చాడన్న సంగతే మనకు తోచదు. కె.వి. రెడ్డిగారు మనచేత అతన్ని ముందు అనుమానింపజేసి, ఆ తర్వాత అతను లేకపోతే పని జరగదనిపించారు. రెండూ ఒక్క సన్నివేశంలోనే.

ఈ సినిమా పాఠం నాకు మహబాగా పనికొచ్చింది. ఎక్కడంటారా? సినిమాలో కాదు. నేను డబ్బింగ్ చిత్రాలకు మాటలు రాసే బృందంలో చిన్న చెయ్యిని. పెదవుల కదలికకు మాట సరిపోయిందా లేదా అని చూసుకునేవాడికి స్క్రీన్‌ప్లే ఎవరు అప్పగిస్తారు? నాకు పనికొచ్చింది మా ఆదివారం ఆటలో.

ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు టేబుల్ చుట్టూ కూర్చుంటారు. తెర లేదు, కెమెరా లేదు, మేకప్ అసలే లేదు. ఒకడు కథ నడుపుతాడు, అతన్ని డంజన్ మాస్టర్ అంటారు. డైరెక్టరూ, విలనూ, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులూ, వాన కురిపించే ట్యాంకరూ అన్నీ అతనే. మిగతావాళ్ళు తలో పాత్ర వేస్తారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ... 'నేను గోడ దూకుతాను' అని ఆటగాడు అంటాడు. దూకాడా, నడుం విరిగిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గెలుపోటములు వుండవు. కథ వుంటుంది. అది ఒక్కోచోట ఏళ్ళ తరబడి నడుస్తుంది, మన వారపత్రికల్లో సీరియల్ నడిచినట్టు!

ఈ ఆట పుట్టింది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న వూళ్ళో. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి తయారుచేశారు. 1974లో మొదటి విడతగా వెయ్యి పెట్టెలు అమ్మకానికొచ్చాయి. అంతకుముందే గైగాక్స్ తన ఇంట్లో ఆడి చూసినప్పుడు మొదటి ఆటగాళ్ళు ఆయన పిల్లలే, కొడుకు ఎర్నీ, కూతురు ఎలీజ్. వెంటనే డాన్ కే, రాబ్ కుంట్జ్ లాంటి మిత్రులు వచ్చి చేరారు. చూశారా? ఆట పుట్టీ పుట్టగానే 'కొత్తవాణ్ణి ఎలా కలుపుకోవాలి?' అన్న ప్రశ్న కూడా పుట్టింది!

మన తరానికి ఈ ఆటను ఇంటింటికీ తెచ్చింది 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్ (2016). రెండో సీజన్‌లో (2017) మ్యాక్స్ అనే పిల్ల వచ్చి తననూ జట్టులో చేర్చుకోమంటుంది. మైక్ ఒప్పుకోడు. మాలో పాలడిన్ వున్నాడు, క్లెరిక్ వున్నాడు, రేంజర్ వున్నాడు, బార్డ్ వున్నాడు, మేజ్ కూడా వుంది, ఇక ఖాళీ ఎక్కడిదీ అంటాడు. ఆ పిల్ల తనకోసం ఓ కొత్త పాత్ర పేరు అక్కడికక్కడే కనిపెడుతుంది. అలాంటిది ఆటలోనే లేదు పొమ్మంటాడు. నాలుగో సీజన్‌లో (2022) చూడండి: లూకస్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి పోతే అతని కుర్చీలోకి వాళ్ళ చెల్లెలు ఎరికా వస్తుంది. జట్టు నాయకుడు ఎడ్డీ ఆమె వయసు చూసి ఎగతాళి చేస్తాడు. ఆ పదకొండేళ్ళ పిల్ల తన పాత్ర వివరాలు గడగడా అప్పజెప్పేసరికి నోరు మూస్తాడు. పద్నాలుగో లెవెల్, హాఫ్ ఎల్ఫ్, దొంగ, పేరు లేడీ యాపిల్‌జాక్! ఆఖరికి అందరూ ఓడిపోయే ఘడియలో పాచికమీద ఇరవై వేసి గెలిపించేదీ ఆ పిల్లే. ఈల వేయించే సీను అది. సినిమావాళ్ళకు ఓ సదుపాయం వుంది, పాచిక వాళ్ళ చేతిలో వుంటుంది. మా టేబుల్‌మీద ఇరవై పడమంటే పడదు. అందుకని వేరే దారి వెతుక్కోవాల్సొచ్చింది.

ఇప్పుడు మా సంగతి. 2021 చివర్లో, హైదరాబాద్‌లో, విద్యానగర్‌లోని ఓ ఇంటి మేడమీది గదిలో మొదలుపెట్టాం. మొత్తం అయిదుగురం. కథ నడిపేది నేను. కత్తివీరుడి పాత్ర ఓ బ్యాంకు ఉద్యోగిది, మాకు ఆయన 'బ్యాంకన్న'. మంత్రగత్తె పాత్ర పళ్ళ డాక్టరమ్మది. విలుకాడు యానిమేషన్ స్టూడియోలో పనిచేసే ఓ కుర్రాడు. ఇక అయిదోవాడు నా కాలేజీ స్నేహితుడు, పూజారి పాత్ర వేసేవాడు. ఆటలో పూజారంటే గాయాలు మాన్పేవాడు. చావుబతుకుల్లో వున్నవాణ్ణి లేపి నిలబెట్టేవాడు. బయట కూడా వాడు అంతే. బ్యాంకన్నకూ కుర్రాడికీ మాటామాటా వస్తే, మిరపకాయ బజ్జీలు తెప్పించి రాజీ చేసేవాడు వాడే.

2025 జనవరిలో వాడు ఉద్యోగం కోసం డాలస్ వెళ్ళిపోయాడు. "వీడియోలో ఆడతానురా" అన్నాడు. ఆడాడు కూడా, పాపం! మాకు సాయంత్రం నాలుగైతే వాడికి తెల్లవారుజామున నాలుగున్నర. మార్చిలో అక్కడివాళ్ళు గడియారాలు గంట ముందుకు జరిపాక అయిదున్నర అయింది, అదే మహాభాగ్యం అన్నాడు. ఒకరోజు గుహలో రాక్షసి బ్యాంకన్న మీద పడింది. "పూజారిగారూ, కాపాడండి!" అని అందరం కేకలు పెట్టాం. లాప్‌టాప్‌లోంచి గురక వినిపించింది. డాక్టరమ్మ ఫ్రేములో కనిపిస్తున్న వాడి నుదురు చూసి "పడుకోనివ్వండి పాపం" అంది. ఆ తర్వాతివారం వాడే ఫోన్ చేసి, "ఇక నావల్ల కాదురా. ఒక్కటే అడుగుతాను, నా పాత్రను మాత్రం చంపకు" అన్నాడు.

చంపలేదు. కథలో రెండేళ్ళ క్రితం మా జట్టు ఓ పల్లెను మహమ్మారి నుంచి కాపాడింది. ఆ పల్లెవాళ్ళు వచ్చి తమ గుడికి పూజారి లేడని, వుండిపొమ్మని అడిగారు. వుండిపోయాడు. వీడ్కోలు సీను రోజు మాత్రం వాడు డాలస్‌లో స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. బ్యాంకన్న ఆరోజు పెద్దగా మాట్లాడలేదు. పోయే పాత్రకు సరైన వీడ్కోలు ఇవ్వకుండా వచ్చే పాత్రకు స్వాగతం చెప్పబోతే ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే వుంటుంది. సినిమాల్లో మధ్యలో హీరోయిన్‌ని మార్చినప్పుడు పాతావిడ ఏమైందో చెప్పరు చూడండి, మనం థియేటర్ బయటికొచ్చి కూడా అదే అడుగుతాం.

రెండు నెలలు నలుగురమే ఆడాం. కుర్చీ ఖాళీగా వుంది. దానిమీద బ్యాగులు పెట్టుకోవడం మొదలైంది. అప్పుడు వాడే మళ్ళీ ఫోన్ చేశాడు. "మా చెల్లెలు లా చదువుతోంది కదా, అక్కడే హాస్టల్లో వుంది. నేను చెప్పే కథలన్నీ విని దానికీ పిచ్చి పట్టింది. నా పాత్ర దానికిచ్చెయ్. మీకూ వైద్యుడు దొరుకుతాడు."

బ్యాంకన్నకు చెప్పాను. "ఎందుకు? నలుగురం బాగానే వున్నాం" అన్నాడు. మొహం చూస్తే కోపం కాదు, బెంగ. కొత్త మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే వాడు నిజంగానే వెళ్ళిపోయినట్టవుతుంది కదా! కాసేపాగి, "కావాలంటే ఒక వారం గెస్టు రోలు ఇవ్వు, ఆ సినిమాలో పాలడిన్‌లాగా" అన్నాడు. 'హానర్ అమాంగ్ థీవ్స్' (2023) చూసినవాళ్ళకు తెలుస్తుంది. అందులో క్సెంక్ అనే వీరుడు మధ్యలో వచ్చి, పాతాళంలాంటి చోట అందరికన్నా బాగా పోరాడి, పని అవగానే ముక్కుసూటిగా నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. దారిలో బండరాయి అడ్డమొస్తే పక్కకు తిరగడు, దానిమీదుగానే పోతాడు! బ్యాంకన్న ఉద్దేశం అర్థమైంది. వచ్చేవాళ్ళు రావచ్చు, పోయే దారి కూడా ఇప్పుడే చూపిద్దాం, అని. నాకు నచ్చలేదు. వెళ్ళిపోతుందని ముందే తెలిసిన మనిషిని ఎవరు మనసుకు దగ్గరగా రానిస్తారు?

నేనంత పట్టుదలగా వుండడానికి కారణం వుంది. చాలాకాలం క్రితం బెంగుళూరులో వున్నప్పుడు ఓ జట్టులో కొత్తవాడిగా చేరాను. అక్కడి మాస్టర్ నా పాత్రను ఓ కోటలో ఖైదీగా పెట్టాడు, పాతవాళ్ళు వచ్చి విడిపిస్తారని. వాళ్ళు కోటకు రావాలిగా! దారిలో సంత కనబడింది. సంతలో గుర్రాన్ని బేరమాడారు. గుర్రానికి పేరు పెట్టారు. ఆ పేరుమీద వాళ్ళకో పాత జోకు వుంది, దానికి పావుగంట నవ్వారు. నేను మూడు గంటలపాటు బోనులో కూర్చున్నాను. నాలుగో గంటలో తలుపు తెరిచి "నువ్వెవరు?" అన్నారు. అప్పటికి చివరి బస్సు టైమైంది. మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. గుర్రానికి నాకన్నా మంచి ఎంట్రీ ఇచ్చారు, అంతే!

సరే, అమ్మాయిని ఓ శనివారం ఇరానీ హోటల్‌కి రమ్మన్నాను. ఉస్మానియా బిస్కెట్లు రాకముందే ఆమె తేల్చేసింది. "అన్నా, నేను పూజారిని కాను. అన్నయ్య చొక్కా నాకెందుకు? వదులవుతుంది."

మా జట్టుకు వైద్యుడు కావాలన్నది నిజమే. ముగ్గురూ గాయాలతో మూలుగుతున్నారు. కానీ ఖాళీలో పట్టేట్టు కొత్తవాణ్ణి కోయడం నాకూ ఇష్టం లేదు. గాయాలకు మందు సీసాలు వున్నాయి, ఆటలో కొనుక్కోవచ్చు. రెండు నాలుగు ముఖాల పాచికలు వేసి, వచ్చినదానికి రెండు కలిపితే అంత ప్రాణం తిరిగొస్తుంది. మనిషికి మాత్రం మందు సీసా లేదు. ఇష్టంలేని పాత్ర వేసేవాడు మూడో ఆదివారం తలనొప్పి అంటాడు, నాలుగో ఆదివారం ఫోనే ఎత్తడు.

మరి లెవెల్ సంగతేమిటి? మావాళ్ళు ఏడో లెవెల్‌లో వున్నారు. పాత పద్ధతిలో కొత్తవాడు ఒకటో లెవెల్ నుంచే మొదలెట్టాలి. 1974 లెక్కల్లో దానికీ ఓ అర్థం వుంది. కత్తివీరుడికి రెండో లెవెల్‌కు 2000 పాయింట్లు, మూడోదానికి 4000, నాలుగోదానికి 8000, ఇలా రెట్టింపవుతూ పోయేవి. అంటే పాతవాడు ఒక మెట్టెక్కేలోపు కొత్తవాడు పరిగెత్తుకుంటూ అతనికి ఒక్క మెట్టు కిందకు వచ్చేసేవాడు, ప్రాణాలతో వుంటే! ఇప్పుడు మేమాడే 2014 నాటి అయిదో ఎడిషన్ లెక్క చూడండి. మా బ్యాంకన్న వీరుడికి 67 ప్రాణ పాయింట్లు. ఒకటో లెవెల్ దొంగకు తొమ్మిదో పదో. శత్రు మాంత్రికుడు ఒక్క అగ్నిగోళం విసిరాడనుకోండి, ఎనిమిది ఆరుముఖాల పాచికలు, సగటున 28 దెబ్బ. బ్యాంకన్న "అబ్బా" అంటాడు. కొత్తమ్మాయి అక్కడికక్కడే బూడిద! మిగిలిన దెబ్బ ఆ పాత్ర మొత్తం ప్రాణానికి సమానమైనా మించినా లేపడానికి కూడా వుండదని రూలు. అందుకని ఏడో లెవెల్‌లోనే చేర్చాను. బ్యాంకన్న "మేం నాలుగేళ్ళు చెమటోడ్చి ఎక్కాం" అని గొణిగాడు. నిజమే. కానీ ప్రమోషన్ వేరు, పక్కన నిలబడి కొట్లాడ్డం వేరు.

ఇక అసలు చిక్కు: ఎలా తీసుకురావాలి? సత్రంలో మూల బల్ల దగ్గర ముసుగేసుకుని కూర్చున్న అపరిచితుడు, ఈ ఆటలో అరిగిపోయిన రికార్డు. జట్టు లోపలికి రాగానే అతను లేచి "నేనూ వస్తాను" అంటాడు. వీళ్ళు "రా" అంటారు. ఎందుకు రమ్మన్నారో ఎవరికీ తెలియదు.

అమ్మాయి అంది: "నేను విలన్ దగ్గర పనిచేస్తుంటే?"

మా కథలో విలన్ ఓ కోట దొర. రెండేళ్ళుగా మావాళ్ళను నానా తిప్పలు పెడుతున్నాడు. అతని కొలువులో లెక్కలు రాసే గుమాస్తా, రాత్రిళ్ళు తాళాలు తీసే అలవాటున్న గుమాస్తా. ఎవరికెంత లంచం పోతోందో, ఏ బండిలో ఏముందో తెలుసు. ఒకరోజు లెక్కల పుస్తకం చంకన పెట్టుకుని పారిపోయి వచ్చింది. నాకు చప్పున విభీషణుడు గుర్తుకొచ్చాడు.

వాల్మీకి యుద్ధకాండలో ఆ ఘట్టం చదివారా? విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి ఆకాశంలో నిలబడతాడు. సుగ్రీవుడు నమ్మొద్దంటాడు. అంగదుడూ జాంబవంతుడూ తలో అనుమానం చెబుతారు. ఒక్క హనుమంతుడు మాత్రం, ఇతను మంచివాడే, చేర్చుకుందాం అంటాడు. రాముడు అభయమిస్తాడు. ఇచ్చి వూరుకోడు, ఆ వెంటనే రావణుడి బలాబలాలు చెప్పమంటాడు. ఓ జట్టులోకి కొత్తవాడు రావడమన్నది ఇంతకన్నా బాగా ఎవరు రాశారు చెప్పండి! అనుమానించేవాళ్ళు గట్టిగా అనుమానించారు. పూచీపడేవాడొకడున్నాడు. వచ్చినవాడి దగ్గర ఇంకెవరిదగ్గరా లేని సంగతి వుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి క్షణం నుంచే అతనికి పని వుంది.

మా హనుమంతుడెవరు? దానికి జవాబు మా కథలోనే పడివుంది. 2023లో ఓ ఆటలో మావాళ్ళకు ఆకాశరామన్న వుత్తరం ఒకటి వచ్చింది: "వుప్పు బండ్ల దారిన రావద్దు. వంతెన కింద మనుషులున్నారు." ఆ వుత్తరం వల్లే ప్రాణాలు దక్కాయి. ఎవరు రాశారో ఎంత వెతికినా తేలలేదు. తేలకపోవడానికి కారణం మీ చెవిలో చెబుతాను, నాకే తెలియదు! ఆ పూట కథ నడవాలని రాసేశాను. ఏళ్ళ తరబడి కథ నడిపేవాడి దగ్గర ఇలాంటి కొసలు బోలెడు వేలాడుతుంటాయి. కొత్తవాళ్ళకు కొత్త కథ అల్లేబదులు, ఆ కొస ఒకటి పట్టుకుని చేతికిస్తే చాలు. వాళ్ళు రాత్రికి రాత్రి పాతవాళ్ళైపోతారు.

అమ్మాయికి ఆ రెండు వాక్యాలూ చెప్పాను. అంతకుమించి చెప్పలేదు. ఇంకొకటి మాత్రం చేశాను. నాలుగేళ్ళ కథ పూసగుచ్చినట్టు చెప్పడానికి బదులు, వారపత్రికలో 'జరిగిన కథ' వేస్తారే, అలా అరపేజీ రాసిచ్చాను. అదీ కోట గుమాస్తా చెవిన పడిన పుకార్ల రూపంలో. "కత్తివీరుడు ఏడడుగుల ఎత్తట... మంత్రగత్తె పిల్లుల్ని తింటుందట..." ఇలా. సగం అబద్ధాలు. పాత జోకులకు నవ్వాల్సిన బాధ ఆమెకు తప్పింది. వాళ్ళమీదే కొత్త జోకులు పట్టుకొచ్చింది!

ఆ ఆదివారం నాలుగింటికి వచ్చింది. బ్యాంకన్న ఖాళీ కుర్చీలోంచి బ్యాగులు తీశాడు, కానీ మెల్లగా తీశాడు. ఆట మొదలైన అయిదో నిమిషంలో, పాడుబడ్డ మండువాలో దాక్కున్న మావాళ్ళ ముందుకు గుమాస్తా వచ్చి నిలబడింది. "కత్తివీరుడు మీరేనా? ఏడడుగులన్నారే!" అంది. డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. బ్యాంకన్న నవ్వలేదు.

"కోట మనిషివి. నిన్నెందుకు నమ్మాలి?"

"నమ్మకండి. పుస్తకం చూడండి. రేపు రాత్రి కాపలావాళ్ళు ఎక్కడ వుండరో ఇందులో వుంది."

"పుస్తకం దొరే పంపించి వుండొచ్చు."

న్యాయంగానే అడుగుతున్నాడు. సుగ్రీవుడు కూడా అదే అన్నాడు. ఇరవై నిమిషాలు వాదన నడిచింది. లా చదివే పిల్ల కదా, ఒక్క ప్రశ్నకూ తడబడలేదు. కుర్రాడు అటూ ఇటూ తల తిప్పుతూ టెన్నిస్ మ్యాచ్ చూసినట్టు చూశాడు. నేను జోక్యం చేసుకోలేదు. అనుమానించే హక్కు పాతవాళ్ళకు వుంది, దాన్ని మాస్టర్ లాక్కుంటే పైకి నవ్వుతారు, లోపల మూతి ముడుచుకుంటారు. చివరికి బ్యాంకన్న "కట్టేసి ఇక్కడే వదిలేద్దాం" అన్నాడు. మండువాలో కాదు, గదిలోనే చలిగా అయిపోయింది. నాకు బెంగుళూరు బోను కళ్ళముందు కనిపించింది.

అప్పుడు అమ్మాయి మెల్లగా అంది: "వుప్పు బండ్ల దారిన రావద్దు. వంతెన కింద మనుషులున్నారు."

ఎవరూ కదల్లేదు. బ్యాంకన్న తన ఫైలు తెరిచాడు. ఆయనకో అలవాటుంది, ఆటలో నేనిచ్చిన ప్రతి కాగితం బ్యాంకు వోచర్లలాగా దాచిపెడతాడు. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి నేనిచ్చిన ఆ పాత వుత్తరం బయటికి తీశాడు. ఒకసారి చూసుకున్నాడు. వదల్లేదు. "అయితే దీని అడుగున ఏం సంతకం వుందో చెప్పు."

నా గుండె ఆగినంత పనైంది. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

అమ్మాయి రెండు క్షణాలు తల వంచుకుంది. "సంతకం లేదన్నా. పెట్టే ధైర్యం వుంటే ఆరోజే మీతో వచ్చేసేదాన్ని."

డాక్టరమ్మ "కట్లు విప్పండి" అంది, ఇంకా ఎవరూ కట్టకుండానే! బ్యాంకన్న వుత్తరం జాగ్రత్తగా మడిచి ఫైలులో పెట్టుకున్నాడు. తన వీరుడి గొంతుతో అన్నాడు: "ముందు నడువు. నా కత్తికి రెండడుగుల దూరంలో."

ఆ రాత్రి కోటలో గొడవ జరగనే జరిగింది. బ్యాంకన్న వీరుడు సున్నా ప్రాణానికి పడిపోయాడు. ఇదివరకైతే పూజారి వుండేవాడు. గుమాస్తా తన వంతులో మందు సీసా తీసి అతని నోట్లో పోసింది. పాచికలు వేస్తే మూడూ ఒకటీ పడ్డాయి, రెండు కలిపితే ఆరు. ఆరంటే ఆరే ప్రాణ పాయింట్లు. బ్యాంకన్న లేచాడు. "ఎంతకు కొన్నావ్ సీసా?" అని అడిగాడు. "దొరగారి ఖాతాలో రాశాను" అంది. అప్పుడు నవ్వాడాయన, ఆరోజుకి మొదటిసారి.

తర్వాతి ఆదివారం ఆమె కన్నా ముందే బ్యాంకన్న వచ్చాడు. కుర్చీ మీద బ్యాగు పెట్టబోయిన కుర్రాణ్ణి కసిరాడు.

ఇదంతా జరిగి చాలా నెలలైంది. డాలస్ నుంచి మావాడు వారంవారం చెల్లెలికి ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగేవాడు. ఒకసారి ఆ పిల్ల "అది మా టేబుల్ సంగతి అన్నయ్యా, నీకెందుకు?" అందిట. వాడు నాకు ఫోన్ చేసి "చూశావుట్రా!" అని నవ్వాడు. నవ్వి, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, సెలవు దొరికిందని, రెండు ఆదివారాలు హైదరాబాద్‌లో వుంటానని.

అంటే ఇప్పుడు పూజారి తిరిగి రావాలి. వాడి పాత్ర ఏడో లెవెల్‌లోనే ఆగిపోయింది. వీళ్ళు తొమ్మిదికి చేరారు. గుమాస్తా అతన్నెప్పుడూ చూసి ఎరగదు. బ్యాంకన్న అప్పుడే "గుళ్ళో హాయిగా కూర్చున్నవాడికి రెండు లెవెల్స్ వూరికే ఇస్తావా?" అని మొదలుపెట్టాడు. కుర్చీలు అయిదే వున్నాయి, పక్కింటివాళ్ళను ఒక స్టూలు అడిగి వుంచాను. సీను ఎక్కణ్ణించి మొదలెట్టాలో ఇంకా తేలలేదు. చెల్లెల్ని మాత్రం అడిగాను, "మీ అన్నయ్యకు పూచీ ఎవరుంటారు?" అని.

"ముందు రానివ్వండి అన్నా. ప్రశ్నలు నేనడుగుతాను" అంది.